కొలోసియం రాళ్లకు ఆ రంధ్రాలు ఎవరు చేశారు?

రోములోని పురాతన ఆటల బరి కొలోసియం గోడను దగ్గరగా చూసినప్పుడు దాని ఎత్తు కంటే ముందు కంటికి తగిలేవి గుంతలు. రాయికీ రాయికీ అతుకు పడిన చోటల్లా పిడికిలి పట్టేంత రంధ్రం ఉంటుంది. అలాంటివి వేలల్లో ఉన్నాయి. గైడు వెంట నడిచే గుంపులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: ఇవి ఫిరంగి దెబ్బలా, రెండో ప్రపంచ యుద్ధం గుర్తులా అని. రెండూ కావు. ట్రావర్టీన్ అనే సున్నపురాతి దిమ్మెలను రోమన్లు సున్నం పెట్టకుండా పేర్చి, ఇనుప కొక్కేలతో ఒకదానికొకటి బిగించారు. అలా వాడిన ఇనుము 300 టన్నులు ఉంటుందని అంచనా. సామ్రాజ్యం కూలాక, ఇనుము కరువైన శతాబ్దాల్లో, రోము జనం రాయిని తొలిచి ఆ కొక్కేలను ఒక్కొక్కటిగా పీక్కుపోయారు.

గైడ్లు ఈ జవాబును అర నిమిషంలో చెప్పి ముందుకు సాగిపోతారు. నిజానికి ఆగవలసింది అక్కడే. రోములో సందర్శకుడి కంటపడే పురాతన కట్టడాల రూపం చాలావరకు రోమన్ల తర్వాత వచ్చినవారి చేతుల్లో తయారైంది. ఏ గోడ నిలిచింది, ఏది కూలింది, ఏ స్తంభం మిగిలింది, ఏ గుడి తలుపు గాలిలో వేలాడుతోంది అన్నవి కట్టినవారి నైపుణ్యం కన్నా, ఆ తర్వాత దాన్ని ఎవరు ఆక్రమించారు, ఎవరు మొక్కారు, ఎవరు అమ్ముకున్నారు అన్నదానిపైనే ఎక్కువగా ఆధారపడ్డాయి. మూడు గంటల టూరులో గైడు చెప్పేది కట్టడం పుట్టుక, యవ్వనం. ముసలితనం గురించి చెప్పడానికి సమయం చాలదు. కంటి ముందు ఉన్నది మాత్రం ఆ ముసలితనమే.

మామూలు టూరు దారి అందరికీ ఒకటే. కొలోసియం, ఫోరం (పాత రోము నడిబొడ్డు కూడలి), పాలటైన్ కొండ మూడింటికీ కలిపి ఒకే టికెట్టు ఉంటుంది. కొలోసియంలోకి ముందే ఎంచుకున్న వేళకు వెళ్లాలి. టికెట్టు మీద పేరు రాసి ఉంటుంది కాబట్టి గుర్తింపు పత్రం దగ్గర పెట్టుకోవాలి. నడకకు అనువుగా వేసిన ఈ దారికి కాలక్రమంతో పని లేదు. కొలోసియం నుంచి బయటికి రాగానే కనిపించే కాన్‌స్టంటైన్ తోరణం క్రీ.శ. 315 నాటిది. అక్కడి నుంచి కాస్త ఎక్కితే వచ్చే టైటస్ తోరణం దానికంటే రెండు వందల ఏళ్లకు పైగా పాతది. ఫోరంలోకి దిగితే జూలియస్ సీజర్ దహనం జరిగిన చోటు, ఇంకాస్త ముందుకు పోతే నల్లరాతి పలకల కింద క్రీ.పూ. ఆరో శతాబ్దపు శాసనం. అరగంట నడకలో తొమ్మిది వందల ఏళ్లు ముందుకీ వెనక్కీ ఊగుతాయి. శాతవాహనుల నాణేలనూ కాకతీయుల తోరణాన్నీ ఒకే ప్రాంగణంలో పెట్టి ‘ఇదీ ప్రాచీన తెలుగు నేల’ అన్నట్టుగా ఉంటుంది. చెవిలోని ఇయర్‌ఫోనులో గైడు గొంతు ఈ చెల్లాచెదురును ఒక కథగా కుడుతూ పోతుంది. ఆ కుట్టు లేకపోతే గుంపు దారి తప్పుతుంది. అయితే ఆ కుట్టు గైడుదే తప్ప రాళ్లది కాదు.

పుట్టుక కథ నిజంగానే బాగుంటుంది. క్రీ.శ. 64లో రోము తగలబడింది. కాలిన నేలలో పెద్ద భాగాన్ని నీరో చక్రవర్తి తన స్వర్ణభవనంలో కలుపుకుని, మధ్యలో చెరువు తవ్వించాడు. 68లో అతను పోయాడు. తర్వాత రేగిన అంతర్యుద్ధంలో నెగ్గి గద్దెనెక్కిన వెస్పాసియన్ ఆ చెరువును ఎండగట్టి, అదే చోట జనానికి ఆటల బరి కట్టించడం మొదలుపెట్టాడు. రాజు సొంత విలాసానికి లాక్కున్న నేలను ఊరికి తిరిగి ఇచ్చేశానని చాటుకోవడమే అందులోని రాజకీయం. 80లో అతని కొడుకు టైటస్ వంద రోజుల వేడుకలతో దాన్ని ప్రారంభించాడు. పొడవు 188 మీటర్లు, వెడల్పు 156 మీటర్లు. 80 ద్వారాలలో 76కి అంకెలు చెక్కి ఉండేవి. జనం చేతిలోని బిళ్ల మీది అంకె చూసుకుని తమ ద్వారం వెతుక్కునేవారు. బతికి ఉన్న ద్వారాల మీద ఆ అంకెలు ఇప్పటికీ చదవవచ్చు.

కట్టడానికి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు కూడా రంధ్రాల్లోనే దొరికింది. కొలోసియంలో అయిదో శతాబ్దపు మరమ్మతు శాసనం ఒకటి ఉంది. దాని అక్షరాల కింద, అంతకు ముందెప్పుడో అదే రాయికి బిగించిన కంచు అక్షరాల మేకుల గుంతలు మిగిలిపోయాయి. జర్మనీలో పనిచేసిన శాసన పండితుడు గేజా ఆల్‌ఫోల్డీ ఆ గుంతల వరుసను బట్టి పాత వాక్యాన్ని కూర్చి 1995లో ప్రకటించాడు: యుద్ధంలో వచ్చిన కొల్లసొమ్ముతో చక్రవర్తి ఈ కొత్త ఆంఫీథియేటర్ (చుట్టూ మెట్ల వరుసలున్న ఆటల బరి) కట్టించాడు అని. ఆ యుద్ధం 70లో జెరూసలేం దేవాలయాన్ని నేలమట్టం చేసినది. అక్కడి ఏడు కొమ్మల దీపస్తంభాన్ని సైనికులు భుజాల మీద మోసుకొస్తున్న దృశ్యం కూతవేటు దూరంలోని టైటస్ తోరణం లోపలి గోడ మీద చెక్కి ఉంది. ఈ రెండింటినీ కలిపి చూపించే గైడు దొరికితే టికెట్టు డబ్బులు గిట్టినట్టే.

గిట్టని మాటలు కూడా చాలా వినబడతాయి. బరిలో పోరాడి ఓడిన గ్లాడియేటర్‌కు జనం బొటనవేలు కిందికి దించితే చావు, పైకెత్తితే బతుకు అన్నది వాటిలో మొదటిది. ప్రాచీన రచనల్లో బొటనవేలు తిప్పడం గురించిన ప్రస్తావన ఉంది గానీ, ఏ వైపు తిప్పితే ఏమిటన్నది స్పష్టంగా లేదు. నేడు అందరి మనసుల్లో ఉన్న చిత్రం 1872లో ఫ్రెంచి చిత్రకారుడు జెరోమ్ గీసిన బొమ్మతో స్థిరపడింది. ‘చావబోతున్న మేము నీకు వందనం చేస్తున్నాం’ అన్న ప్రసిద్ధ వాక్యానిదీ అదే దారి. అది 52లో ఫుచీనో సరస్సు మీద క్లాడియస్ చక్రవర్తి జరిపించిన ఉత్తుత్తి నౌకా యుద్ధంలో, మరణశిక్ష పడిన ఖైదీలు అన్న మాటగా రోమన్ చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. అప్పటికి కొలోసియం పునాది రాయి కూడా పడలేదు. గ్లాడియేటర్లు ప్రతి ఆటకూ ముందు అలా అనేవారనడానికి ఆధారం లేదు.

ఇక మూడోది, అన్నింటికన్నా బరువైనది: ఈ బరిలో వేలాది క్రైస్తవులను సింహాలకు వేశారన్నది. రోము సామ్రాజ్యంలో క్రైస్తవులను హింసించి చంపిన మాట నిజం. కానీ ఫలానా భక్తుడు కొలోసియంలోనే చనిపోయాడని చెప్పే సమకాలీన ఆధారం ఒక్కటీ లేదు. చరిత్రకారులు ఈ విషయం చెప్పి చేతులు దులుపుకుంటారు. గైడ్లేమో దాన్ని పట్టించుకోకుండా సింహాలను వదులుతారు. ఇద్దరూ చూడని విశేషం ఒకటుంది. రుజువు లేని ఈ కథే కొలోసియాన్ని కాపాడింది.

అది ఎలాగో తెలియాలంటే మధ్యలోని వెయ్యేళ్ల గతం చూడాలి. గ్లాడియేటర్ పోటీలు అయిదో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆగిపోయాయి. జంతువుల వేట 523 వరకూ సాగింది. ఆ తర్వాత కమానుల కింద ఇళ్లు, పశువుల కొట్టాలు, కొలుములు వెలిశాయి. పన్నెండో శతాబ్దంలో ఫ్రాంజిపానే అనే దొరల కుటుంబం దీన్ని కోటగా మార్చుకుంది. 1349 భూకంపంలో దక్షిణం వైపు బయటి గోడ కుప్పకూలింది. ఆ వైపు నేల ఒండ్రుమట్టి కాబట్టి పునాది బలహీనంగా ఉండేది. పడిన రాయి కొండలా పేరుకుంది. అక్కడి నుంచి కొలోసియం ఒక క్వారీ. 1452లో ఒక్క గుత్తేదారు తొమ్మిది నెలల్లో 2522 బండ్ల రాయి తోలుకుపోయినట్టు లెక్క ఉంది. పాలరాయి విలువ చెక్కడానికి కాదు, కాల్చడానికి: సున్నపు బట్టీల్లో వేస్తే మంచి సున్నం వస్తుంది. రోములోని ఎన్నో విగ్రహాలు, స్తంభాలు అలా పునరుజ్జీవన కాలపు భవనాల గోడల్లో గచ్చుగా కలిసిపోయాయి. పదహారో శతాబ్దం చివర అయిదో సిక్స్‌టస్ పోపు కొలోసియంలో ఉన్ని నేత కర్మాగారం పెట్టి, పైన కార్మికులకు ఇళ్లు కట్టించాలని అనుకున్నాడు. అతను 1590లో చనిపోవడంతో ఆ పథకం కాగితం దాటలేదు.

అలాంటి చోటును 1749లో పద్నాలుగో బెనెడిక్ట్ పోపు క్రీస్తు శ్రమలకూ, అక్కడ నెత్తురు చిందించిన భక్తులకూ అంకితం చేశాడు. లోపల సిలువ మార్గపు మందిరాలు చుట్టూ వెలిశాయి. పవిత్ర స్థలం నుంచి రాయి తోలుకుపోవడం పాపం కదా. క్వారీకి అంతటితో తెర పడింది. వదిలేయవలసిన కట్టుకథ అని ఈనాటి పండితులు కొట్టివేసేది, ఆనాడు రాజశాసనం కంటే గట్టిగా పనిచేసింది. కాబట్టి గైడు సింహాల కథ ఎత్తుకున్నప్పుడు మనసులో నవ్వుకోవడం కంటే, ఆ కథ వల్లే ఈ గోడ నిలిచిందని గుర్తు చేసుకోవడం మేలు.

పందొమ్మిదో శతాబ్దంలో రెండు ఊత గోడలు వచ్చాయి. బయటి ఎత్తయిన గోడ తెగిపోయిన రెండు కొసల్లో అవి ఎదురెదురుగా ఉంటాయి గానీ, ఒకదానికొకటి పొంతన లేదు. తూర్పు కొసలో రఫాయేలె స్టెర్న్ 1807 నాటికి కట్టిన ఇటుక గోడ కూలుతున్న కమానులను కూలుతున్న భంగిమలోనే ఆపేసింది. కమాను నడిమి రాయి జారుతూ జారుతూ ఇటుకల మధ్య ఇరుక్కుని రెండు వందల ఏళ్లుగా అలాగే ఉంది. పడమటి కొసలో 1820లలో వలాదియేర్ అనే వాస్తుశిల్పి పాత కమానుల రూపాన్నే ఇటుకతో తిరిగి కట్టి, గోడను మెట్లు మెట్లుగా కిందికి దించాడు. గాయాన్ని గాయంలాగే నిలపాలన్నది ఒకరి పద్ధతి, పోయిన అవయవం ఎలా ఉండేదో సూచించాలన్నది మరొకరిది. పాత గుడులను, కోటలను బాగుచేసే ప్రతి చోటా ఈ వాదన నేటికీ తెగలేదు. అందరూ ఫొటో దిగేది వలాదియేర్ వైపు నుంచే అయినా, స్టెర్న్ గోడ ముందు కాసేపు నిలబడినవారికి కట్టడం కూలడం అంటే ఏమిటో ఎక్కువ అర్థమవుతుంది.

ఆ కాలంలో అక్కడ ఇంకొకటి కూడా ఉండేది: అడవి. రిచర్డ్ డీకిన్ అనే ఆంగ్ల వైద్యుడు 1855లో కొలోసియం గోడల మీద మొలిచిన మొక్కలకు జాబితా రాస్తే 420 రకాలు తేలాయి. ఇటలీ ఏకమయ్యాక, 1870లలో, పురావస్తు అధికారులు ఆ పచ్చదనమంతా గీకేశారు, సిలువ మందిరాలను కూడా తొలగించారు. అలా ‘అసలు రోమన్’ కొలోసియం బయటపడింది. అంటే ఇప్పుడు కనిపించే శుభ్రమైన శిథిలం వయసు నూట యాభై ఏళ్లు.

ఈ చూపుతో పక్కనున్న కాన్‌స్టంటైన్ తోరణాన్ని చూస్తే, దోచి కట్టే విద్యను మధ్యయుగం వాళ్లు కొత్తగా కనిపెట్టలేదని తెలుస్తుంది. ఆ తోరణం మీది గొప్ప శిల్పాల్లో చాలావరకు ట్రాజన్, హేడ్రియన్, మార్కస్ ఆరీలియస్ చక్రవర్తుల కట్టడాల నుంచి ఊడదీసి తెచ్చి అతికించినవే. పాత రాజుల తలలను సరిచెక్కి కొత్త రాజు ముఖం పెట్టారు. ఆ కాలంలో స్వయంగా చెక్కిన పట్టీని పక్కనే చూడవచ్చు: పొట్టి శరీరాలు, పెద్ద తలలు, బొమ్మలు వరుసగా నిలబెట్టినట్టు ఉంటాయి. శిల్పం దిగజారిందని కొందరు, అభిరుచి మారిందని మరికొందరు అంటారు. కళ్లకు మాత్రం తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

టైటస్ తోరణం దగ్గర చూడవలసిన సంగతి మరొకటి. మధ్యయుగంలో అది ఫ్రాంజిపానేల కోటగోడలో భాగమైపోయింది. 1820ల మొదట్లో వలాదియేరే ఆ గోడలు విప్పి, పోయిన భాగాలను తిరిగి పూరించాడు. అసలుది పాలరాయి అయితే, తాను పెట్టినదానికి ట్రావర్టీన్ వాడాడు, చెక్కడాలు లేకుండా నున్నగా వదిలేశాడు. పాతదీ కొత్తదీ ఎవరికైనా విడిగా తెలియాలన్నది అతని నియమం. గైడు జాగ్రత్తపరుడైతే ఆ తేడా వేలుపెట్టి చూపిస్తాడు.

ఫోరంలోకి దిగాక గుంపు సాధారణంగా నీరసపడుతుంది. ఎండ, రాళ్ల దారి, ఎటు చూసినా విరిగిన మొండాలు. ఇక్కడ ఒక్క కట్టడం దగ్గర ఆగితే చాలు: ఆంటొనైనస్, ఫౌస్టీనాల గుడి. 141లో ఆంటొనైనస్ పయస్ చనిపోయిన భార్య కోసం కట్టించాడు. ముందు పది స్తంభాలు, వాటి వెనక బరోక్ అనే పదిహేడో శతాబ్దపు అలంకార శైలిలో ఒక చర్చి ముఖం. ఆ చర్చికి ఆకుపచ్చ తలుపు ఉంది, కానీ అది మెట్ల మీద మనిషి అందుకోలేనంత ఎత్తులో గాలిలో వేలాడుతోంది. ఇంత వింత తలుపు ఎవరైనా ఎందుకు పెడతారు? పెట్టినప్పుడు అది నేలమట్టంలోనే ఉండేది. వరద మట్టి, కూలిన గోడలు, చెత్త కలిసి ఫోరం అంత ఎత్తున పూడిపోయింది. పైన గడ్డి మొలిచి పశువులు మేసేవి. ఆ చోటును రోము జనం ‘ఆవుల మైదానం’ అని పిలిచేవారు. స్తంభాల పైభాగాన కనబడే గాట్లు వాటిని తాళ్లు కట్టి లాగడానికి చేసిన ప్రయత్నాల గుర్తులని చెబుతారు. లోపల చర్చి ఉంది కాబట్టి గుడి బతికింది. చర్చి కాలేకపోయిన పక్క గుళ్లకు మూడు స్తంభాలో, వట్టి పునాదో మిగిలింది.

సెనేట్ సభాభవనానిదీ అదే అదృష్టం. ఏడో శతాబ్దంలో చర్చిగా మారడం వల్ల పైకప్పు ఎత్తున నిలిచింది. దాని కంచు తలుపులను పదిహేడో శతాబ్దంలో లాటెరన్ చర్చికి పట్టుకుపోయారు, ఇప్పుడు కూడా అక్కడే ఉన్నాయి. 1930లలో ముస్సోలినీ ప్రభుత్వానికి చర్చి అక్కరలేదు, సెనేట్ కావాలి. పదమూడు వందల ఏళ్ల పూజా మందిరాన్ని ఒలిచేసి పురాతన భవనాన్ని బయటికి తీశారు. చూడటానికి గంభీరంగా ఉంటుంది. కాకపోతే కాపాడినదాన్ని పడగొట్టి, కాపాడబడినదాన్ని ప్రదర్శనకు పెట్టడంలో ఏదో కృతఘ్నత ఉంది.

అదే ప్రభుత్వం 1932లో కొలోసియం నుంచి వెనీజియా కూడలి వరకు తిన్నగా ఒక రోడ్డు వేసింది, సైనిక కవాతులకు. దానికోసం వెలియా అనే గుట్టను తవ్విపారేశారు, వేల మంది కాపురమున్న పాత పేటను కూల్చేశారు, అప్పుడే తవ్వి తీసిన చక్రవర్తుల ఫోరాల మీదే తిరిగి మట్టి పోసి తారు పరిచారు. నీరో నిలబెట్టిన మహావిగ్రహం, అంటే కొలోసియానికి ఆ పేరు రావడానికి కారణమైన విగ్రహం, దాని దిమ్మె అప్పటివరకు మిగిలే ఉండేది. అది కూడా ఆ దశాబ్దంలోనే పోయింది. ఈ రోడ్డు మీద నిలబడి తీసే ఫొటోలో కొలోసియం ఎంత చక్కగా ఒదుగుతుందో చూసి మురిసిపోని సందర్శకుడు ఉండడు. ఆ చట్రం పురాతనమైనది కాదు, ఫాసిస్టు కాలపు ఏర్పాటు.

ఫోరంలో మాక్సెంటియస్ బసిలికా అనే మూడు పెద్ద కమానుల కట్టడం కింద డొమిషియన్ కాలపు మిరియాల గోదాములు ఉన్నాయి. తెలుగు పాఠకుడు ఇక్కడ కాస్త ఆగవచ్చు. మిరియాలు మలబారు తీరానివి. రోమన్ రచయిత ప్లినీ ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) భారతదేశానికి పోతున్నాయని వాపోయింది ఈ వ్యాపారం గురించే. ఆ ధారలో తూర్పు తీరానికీ వాటా ఉంది. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుల కరదీపిక ‘మసాలియా’ అని పిలిచిన ప్రాంతంలో, అంటే కృష్ణా ముఖద్వారం వైపు, సన్నని నూలు బట్టలు విస్తారంగా నేస్తారని రాసింది. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో రోమన్ వెండి నాణేల రాశి, నాగార్జునకొండలో బంగారు నాణేలు దొరికాయి. నాగార్జునకొండలోనే ఇక్ష్వాకుల నాటి మెట్ల వరుసల క్రీడాంగణం కూడా బయటపడింది. దాన్ని రోమన్ ఆంఫీథియేటర్‌కు నకలుగా చెప్పే ఉత్సాహం మనవాళ్లకు ఎక్కువే. అండాకారం లేని, దీర్ఘచతురస్రపు అంగణం అది. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం కలపనక్కరలేదు. అసలు పోలిక వేరేచోట ఉంది. సాగర్ జలాశయం నింపకముందు ఆ రాళ్లను విప్పి, అనుపులో తిరిగి పేర్చారు. చూసేది మూడో శతాబ్దపు కట్టడమే, ఇరవయ్యో శతాబ్దపు నిర్ణయం కూడా.

పాంథియాన్ అనే గుమ్మటపు గుడి వద్దకు వచ్చేసరికి ఈ లెక్క మరీ తేటగా కనబడుతుంది. నుదుటన ఉన్న శాసనం ‘మూడోసారి కాన్సుల్ అయిన మార్కస్ అగ్రిపా కట్టించాడు’ అంటుంది (కాన్సుల్ అంటే రోములో ఏడాదికోసారి ఎన్నికయ్యే పెద్ద పదవి). అగ్రిపా క్రీ.పూ. మొదటి శతాబ్దంవాడు. ఇప్పుడున్న కట్టడం క్రీ.శ. 126 ప్రాంతంలో హేడ్రియన్ కాలంలో పూర్తయింది. ఇటుకల మీది ముద్రలు ఆ సంగతి బయటపెట్టాయి. పాత గుడి కాలిపోతే కొత్తది కట్టి, పాత కర్త పేరే పెట్టారు. గుమ్మటం వ్యాసం 43.3 మీటర్లు, నేల నుంచి నడినెత్తి రంధ్రం దాకా ఎత్తు కూడా సరిగ్గా అంతే. ఉక్కు కడ్డీలు లేని కాంక్రీటు గుమ్మటాల్లో నేటికీ ఇదే అతి పెద్దది. అగ్నిపర్వతపు బూడిద కలిపిన సున్నం, అందులో కింద బరువైన రాతి ముక్కలు, పైకి పోయేకొద్దీ తేలికవి, నడినెత్తిన నీటిలో తేలే ప్యూమిస్ రాయి. గైడ్లందరూ ఈ ఇంజనీరింగు గురించి చెబుతారు, చెప్పదగినదే.

ఇంజనీరింగే సరిపోతే అదే కాంక్రీటుతో కట్టిన స్నానశాలల గుమ్మటాలు కూడా మిగలాలి. పాంథియాన్‌ను నిలిపిన తేదీ 609. ఆ ఏడు బైజాంటియం చక్రవర్తి ఫోకస్ దీన్ని నాలుగో బోనిఫేస్ పోపుకు ఇచ్చాడు, అది చర్చి అయింది. ఫోరంలో ఒంటరిగా నిలబడ్డ ఆఖరి గౌరవ స్తంభం కూడా ఈ ఫోకస్ పేరు మీదే, 608లో నిలిపినది. ఫోకస్ క్రూరుడని పేరుపడ్డవాడు, గద్దెను హత్యతో సంపాదించాడు. రోము మాత్రం అతనికి రుణపడింది. చర్చి అయినా దోపిడీ ఆగలేదు: 663లో కాన్‌స్టాన్స్ చక్రవర్తి పైకప్పు కంచు రేకులు ఒలుచుకుపోయాడు. 1625లో బార్బెరీనీ వంశపు ఎనిమిదో అర్బన్ పోపు ముఖమండపం దూలాల కంచును ఊడదీయించి, చాలావరకు ఫిరంగులు పోయించాడు. ‘అనాగరికులు చేయనిది బార్బెరీనీలు చేశారు’ అని రోము గోడల మీద వెలసిన చాటువు నాలుగు వందల ఏళ్లుగా ఆ కుటుంబాన్ని వదలలేదు. ఆ శతాబ్దంలోనే ముఖమండపం మీద రెండు గంట గోపురాలు పెట్టారు. జనం వాటిని గాడిద చెవులని వెక్కిరించేవారు, 1883లో తీసేశారు.

దూరపు ఊళ్ల టూర్ల గురించి రెండు మాటలు. పాంపేయీ మీద అగ్నిపర్వతం బూడిద పోసి, తర్వాత వచ్చేవారి చేతికి చిక్కకుండా మూసేసింది కాబట్టి అక్కడి లెక్క వేరు; ఆ ఊరికి ముసలితనం రాలేదు. ఓస్తియా అనే పాత రేవు పట్టణానిది మధ్యస్థం: సముద్రం వెనక్కి జరిగింది, జనం వదిలిపోయారు, పాలరాయి దొంగలు తీసుకుపోయారు, మిగతాది ఇసుక కప్పేసింది. అక్కడ ఎత్తయిన గొప్ప కట్టడాలు తక్కువ, కానీ అద్దె ఇళ్ల వరుసలు, పూటకూళ్ల అంగళ్లు, సామూహిక మరుగుదొడ్లు నేలమట్టాన ఉన్నవి ఉన్నట్టు దొరుకుతాయి. రోములో రెండు రోజులు మాత్రమే ఉండేవారిని గైడ్లు అక్కడికి తీసుకుపోరు. మూడో రోజు ఉంటే వెళ్లాలి.

రోములోనే, టూరు దారికి కాస్త పక్కగా, టైబర్ నది వైపు మార్సెలస్ రంగశాల ఉంది. చనిపోయిన మేనల్లుడి పేరున అగస్టస్ పూర్తి చేయించినది, కొలోసియం కంటే తొంభై ఏళ్లు పెద్దది. మధ్యయుగంలో దొరల కోట అయింది, పదహారో శతాబ్దంలో సవెల్లీ కుటుంబం కోసం పెరుత్సీ అనే వాస్తుశిల్పి దాని నెత్తిన భవంతి కట్టాడు. కింది కమానుల్లో బొగ్గు కొట్లూ చిన్న దుకాణాలూ 1920ల చివరిదాకా నడిచాయి. అప్పుడు ఖాళీ చేయించి, మట్టి తవ్వి, రాళ్లు కడిగారు. పై అంతస్తులను మాత్రం ఎవరూ ఖాళీ చేయించలేదు. రెండు వేల ఏళ్ల కమానుల మీద ఇప్పటికీ అపార్ట్‌మెంట్లు ఉన్నాయి, కిటికీల్లో పూలకుండీలు కనిపిస్తాయి, సాయంత్రం దీపాలు వెలుగుతాయి.